కదిలే క్యూ: వైట్ టౌన్ గురువు పేరుతో మదురైలో ఆస్పత్రి కట్టిన డాక్టర్ వెంకటస్వామి

పుదుచ్చేరి వైట్ టౌన్‌లో రెండు రకాల క్యూలు కనిపిస్తాయి. ఒకటి మెరీన్ వీధిలో, శ్రీ అరవిందాశ్రమం గేటు దగ్గర. జనం చెప్పులు బయట విడిచి, సెల్‌ఫోన్లు ఆపేసి, ఒకరి వెనుక ఒకరు లోపలికి వెళ్తారు. పసుపు పూలు రాల్చే పెద్ద చెట్టు కింద ఉన్న సమాధి దగ్గర కాసేపు నిలబడి బయటకు వస్తారు. దర్శనం రోజుల్లో వేల మంది వచ్చినా ఆ వరుస కదులుతూనే ఉంటుంది. రెండో క్యూ అక్కడికి కొద్ది వీధుల అవతల, విక్టర్ సిమొనెల్ వీధిలోని ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి దగ్గర. దేశంలో ఏ ప్రభుత్వ ఆస్పత్రి ముందైనా ఉదయం పూట కనిపించే క్యూ లాంటిదే అది. చేతిలో పాత చీటీలు, పక్కన తోడుగా వచ్చిన మనిషి, సంచిలో టిఫిన్ డబ్బా. ఎప్పుడు పిలుస్తారో ఎవరికీ తెలియదు.

మొదటి క్యూలోకి భక్తుడిగా వచ్చి, రెండో క్యూని మార్చడానికి జీవితమంతా వెచ్చించిన డాక్టర్ ఒకరున్నారు. ఆయన పేరు గోవిందప్ప వెంకటస్వామి. పేరు పలకడం కష్టమైన విదేశీయులు డాక్టర్ వి అన్నారు, తర్వాత అందరూ అలాగే అన్నారు. మదురైలోని అరవింద్ కంటి ఆస్పత్రి ఆయన స్థాపించినదే. ఆస్పత్రుల్లో రద్దీ గురించి, ముఖ్యంగా స్ట్రెచర్ల మీదే గంటలు గడిచిపోయే క్యాజువాలిటీల గురించి ఎక్కడ చర్చ జరిగినా మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పేవారు ఆయన ఉదాహరణ తెస్తారు. ఆయన క్యాజువాలిటీ డాక్టర్ కాదు. శుక్లాలు తీసే కంటి డాక్టర్. ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందో తేలాలంటే ఆయన కథ మొదటి నుంచి చూడాలి.

నల్లరేగడి పల్లె

వెంకటస్వామి 1918 అక్టోబర్ 1న తమిళనాడు దక్షిణ భాగంలో, ఎట్టయాపురం దగ్గరి అయన్ వడమలాపురంలో రైతు కుటుంబంలో పుట్టారు. అది నల్లరేగడి ప్రాంతం. తమిళులు కరిసల్ భూమి అంటారు. ఇళ్లలో తెలుగు, బయట తమిళం మాట్లాడుకునే రైతు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన నేల అది. గోవిందప్ప అన్న పేరు మన చెవికి పరాయిగా అనిపించకపోవడానికి కారణం ఉంది. ఎట్టయాపురం అంటే చాలామందికి మహాకవి సుబ్రహ్మణ్య భారతి గుర్తొస్తారు. ఆయన పదేళ్ల పుదుచ్చేరి ప్రవాసం ముగించుకుని బ్రిటిష్ ఇండియాలో అడుగుపెట్టి అరెస్టయింది కూడా ఆ 1918 సంవత్సరంలోనే. ఆ పల్లెల నుంచి పుదుచ్చేరికి దారి కొత్తదేమీ కాదు.

అయిదుగురు పిల్లల్లో వెంకటస్వామి పెద్దవాడు. గేదెలు కాచి, మైళ్లు నడిచి బడికి వెళ్లేవారు. కాగితం, పలక లేని రోజుల్లో ఏటి ఇసుక మీద అక్షరాలు దిద్దారు. ఊళ్లో డాక్టర్ లేడు. ఆయన చిన్నతనంలోనే దగ్గరి బంధువులైన ముగ్గురు ఆడవాళ్లు గర్భంతో ఉండగా, నెలలు నిండే సమయంలో, చనిపోయారు. ఈ రోజుల్లో అయితే అది క్షణాల మీద పరుగెత్తించాల్సిన అత్యవసర కేసు. వాళ్లు ఏ క్యూలోనూ నిలబడి చనిపోలేదు. నిలబడడానికి అక్కడ క్యూ కూడా లేదు. డాక్టర్ కావాలని, అందులోనూ పురుళ్లు పోసే డాక్టర్ కావాలని ఆ పిల్లవాడు అనుకున్నది అప్పుడే.

అనుకున్నంత పనీ చాలావరకు చేశారు. 1938లో మదురై అమెరికన్ కాలేజీలో కెమిస్ట్రీ డిగ్రీ, 1944లో మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో వైద్య పట్టా. 1945లో సైన్యంలో డాక్టర్‌గా చేరారు. యుద్ధం చివరి రోజులు, బర్మా అడవులు. మూడేళ్లు తిరిగేసరికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం పట్టుకుంది. 1948లో సైన్యం ఆయన్ని ఇంటికి పంపేసింది. ముప్పై ఏళ్లు నిండని మనిషి నెలల తరబడి ఆస్పత్రి మంచం మీదే ఉన్నారు. లేవలేరు, నిలబడలేరు. తగ్గాక చూసుకుంటే చేతి వేళ్లు వంకరపోయి బిగుసుకుపోయాయి. కలం పట్టుకోవడం కూడా చేతకాని స్థితి. పురుళ్ల డాక్టర్ కావాలన్న కోరిక అక్కడితో ముగిసింది.

ఆ మంచం సంగతి ఆయన జీవితకథల్లో ఒకటి రెండు వాక్యాల్లో తేలిపోతుంటుంది. అంత తేలిగ్గా వదలాల్సినది కాదు. డాక్టర్లలో ఎక్కువమంది ఆస్పత్రిని నిలబడి చూస్తారు. ఈయన పడుకుని, ఎవరో వస్తారని ఎదురుచూస్తూ చూశారు. రోగి దృష్టిలో ఆస్పత్రి అంటే ప్రధానంగా నిరీక్షణ అని ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

వంకర వేళ్లతో కంటి ఆపరేషన్

కీళ్లవాతంతో ఉన్నవాడు కంటి సర్జన్ కావడం వినడానికి విడ్డూరంగా ఉంటుంది. వైద్యంలో అంత సన్నటి చేతిపని కోరే విభాగాలు తక్కువ. అయినా ఆయన కన్ను ఎంచుకున్నారు. మద్రాసులో 1951లో డిప్లొమా, 1954లో ఎంఎస్ పూర్తి చేశారు. తన వేళ్లకు అమరేలా పరికరాలను మార్పించుకున్నారు. కత్తి పట్టుకోవడం, కన్ను కోయడం, కుట్టు వేయడం మెల్లమెల్లగా కొత్తగా నేర్చుకున్నారు. తర్వాతి కాలంలో ఒక్కరోజులో వంద ఆపరేషన్ల దాకా చేయగలిగే స్థితికి వచ్చారు. జీవితం మొత్తం మీద లెక్క వేస్తే ఆ వంకర వేళ్లు చేసిన కంటి ఆపరేషన్లు లక్షకు పైమాటే.

1956లో మదురై ప్రభుత్వ మెడికల్ కాలేజీ, ఎర్‌స్కిన్ ఆస్పత్రుల్లో కంటి విభాగానికి అధిపతి అయ్యారు. పదవీ విరమణ దాకా అక్కడే ఉన్నారు. ఆయన తర్వాత చేసిన పనికి కావాల్సిన సరంజామా అంతా ఈ ఇరవై ఏళ్ల ప్రభుత్వ ఉద్యోగంలోనే సమకూరింది. ఆస్పత్రికి వచ్చేవాళ్లు చూపు పోయినవాళ్లలో కొద్దిమందేనని, రాలేనివాళ్లే ఎక్కువని ఆయన గమనించారు. 1960ల ఆరంభం నుంచి పల్లెల్లో కంటి శిబిరాలు పెట్టడం మొదలుపెట్టారు. చూపు తిరిగి రానివాళ్ల కోసం 1966లో పునరావాస కేంద్రం ప్రారంభించారు. 1973లో కంటి వైద్య సహాయకులకు శిక్షణ మొదలుపెట్టారు. అదే ఏడాది పద్మశ్రీ వచ్చింది. తనకే చూపు లేకపోయినా ప్రపంచమంతా తిరిగి అంధత్వ నివారణకు సంస్థ నడిపిన సర్ జాన్ విల్సన్‌తో పరిచయం కూడా ఈ కాలంలోదే.

వైట్ టౌన్ కూడా ఆయన జీవితంలోకి వచ్చింది. శ్రీ అరవిందులు 1910లో బ్రిటిష్ పోలీసులకు అందకుండా ఫ్రెంచి పుదుచ్చేరికి వచ్చి, 1950 డిసెంబర్ 5న చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. ఆశ్రమాన్ని నడిపిన మీరా అల్ఫాసాను అందరూ మదర్ అని పిలిచేవారు. ఆమె 1973 దాకా జీవించారు. లోకాన్ని వదిలి అడవికి వెళ్లమని కాకుండా, లోకంలో చేసే పనినే సాధనగా చేసుకోమన్నది వారి మార్గం. శరీరం మొరాయించినా పని ఆపని ఒక ప్రభుత్వ డాక్టర్‌కు ఇది నచ్చడంలో ఆశ్చర్యం లేదు. వెంకటస్వామి పెళ్లి చేసుకోలేదు. కాషాయం కూడా కట్టలేదు. ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ, తమ్ముళ్లను, చెల్లెళ్లను చదివిస్తూ, అరవిందుల పుస్తకాలు చదువుతూ, డైరీ రాసుకుంటూ గడిపారు.

11 పడకలు

1976లో రిటైరయ్యారు. అప్పటికి ఆయన వయసు 58కి దగ్గర. పింఛను తీసుకుని ప్రైవేటు క్లినిక్ పెట్టుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన మదురైలో 11 పడకలతో ఆస్పత్రి పెట్టి, దానికి తన గురువు పేరు పెట్టారు. అరవింద్ అన్న పేరు మదురైకి అలా వైట్ టౌన్ నుంచి చేరింది. బ్యాంకులు అప్పివ్వలేదు. ఇల్లు తాకట్టు పెట్టారు, కుటుంబంలో ఆడవాళ్ల నగలు కుదువకు వెళ్లాయి. చెల్లెలు నాచియార్, ఆమె భర్త నంపెరుమాళ్‌స్వామి ఇద్దరూ కంటి డాక్టర్లే. వారు ప్రభుత్వ ఉద్యోగాలు మానుకుని ఆయనతో చేరారు. తమ్ముడు శ్రీనివాసన్ కట్టడాలు, లెక్కలు చూసుకున్నారు. డబ్బు చేతికొచ్చినప్పుడల్లా కొంత కొంత కట్టుకుంటూ పోయారు. 1978లో ఉచిత రోగుల కోసం 70 పడకల ఆస్పత్రి, 1981లో 250 పడకల ప్రధాన ఆస్పత్రి వచ్చాయి.

డబ్బు చెల్లించేవారి నుంచి వచ్చిన మిగులుతో చెల్లించలేనివారికి ఉచితంగా ఆపరేషన్ చేయాలన్నది పథకం. వినడానికి సులువు. లెక్కలో మాత్రం ఒక చిక్కుంది. ఇద్దరికీ ఆపరేషన్ చేసేది ఒకే సర్జన్. ఆయన రోజుకు అయిదు ఆపరేషన్లు చేస్తే ఇద్దరిలో ఎవరో ఒకరు ఆగిపోవాలి. ఆ ఆగిపోయేది ఎవరో చెప్పనక్కర్లేదు. అందరికీ సరిపోవాలంటే సర్జన్ సమయం సాగాలి. డాక్టర్ వి చేసిన అసలు పని ఇక్కడే ఉంది.

ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్ సమయం ఎక్కడ పోతోందో చూస్తే కంటి మీద పోయేది తక్కువే. రోగిని తేవడం, పడుకోబెట్టడం, మత్తు ఇంజెక్షన్ పనిచేసేదాకా ఆగడం, కన్ను శుభ్రం చేయడం, ఆపరేషన్ అయ్యాక కట్టు కట్టి లేపడం, బల్ల సర్దడం. ఇంతసేపూ అందరికంటే ఎక్కువ చదివిన మనిషి చేతులు ముడుచుకుని నిలబడి ఉంటాడు. అరవింద్‌లో సర్జన్‌కు రెండు బల్లలు పెట్టారు. ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుండగా పక్క బల్ల మీద తర్వాతి రోగి సిద్ధంగా ఉంటారు. మొదటిది పూర్తవగానే మైక్రోస్కోప్‌ను అటు తిప్పుతారు, సర్జన్ అటు తిరుగుతారు. ఈలోగా నర్సులు మొదటి బల్ల ఖాళీ చేసి మరొకరిని పడుకోబెడతారు. శుక్లం ఆపరేషన్ పది నిమిషాల్లోపే అయిపోతుంది. కన్ను కోసే వేగం ఇక్కడ పెద్దగా పెరగలేదు. రెండు కళ్ల మధ్య వృథా అయ్యే సమయం పోయింది. వేగం అనగానే హడావుడి అనుకునేవారు ఈ తేడా గమనించాలి.

ఫలితం ఏమిటంటే అరవింద్‌లో ఒక సర్జన్ ఏడాదికి 2,000కు పైగా ఆపరేషన్లు చేసే స్థితి వచ్చింది. దేశంలో సగటు కంటి సర్జన్ చేసేది అందులో అయిదో వంతు. ఇన్ఫెక్షన్ల లెక్కలు బ్రిటన్ ఆస్పత్రుల లెక్కలతో పోల్చినా తీసిపోలేదు.

ఓపీ కూడా ఇదే పద్ధతి. రోగి నేరుగా డాక్టర్ గదికి వెళ్లి కూర్చోరు. పేరు నమోదు, చూపు పరీక్ష, కంటి పీడనం, రక్తపోటు, మధుమేహం, కళ్లద్దాల నంబరు ఒక్కో మెట్టూ దాటుకుంటూ వస్తారు. ఆ మెట్లన్నింటిలో ఉండేది పల్లెల నుంచి తీసుకుని శిక్షణ ఇచ్చిన అమ్మాయిలు. డాక్టర్ ముందుకు వచ్చేసరికి కాగితం నిండి ఉంటుంది. డాక్టర్ చూసి నిర్ణయం చెబుతారు. ఆపరేషన్ అంటే ఏమిటి, ఎంత ఖర్చు, ఎన్ని రోజులు అన్న వివరాలు విడమరచి చెప్పడానికి వేరే కౌన్సెలర్ ఉంటారు. డాక్టర్ మాత్రమే చేయగల పని తప్ప మరేదీ డాక్టర్ చేయకూడదన్నది ఈ ఏర్పాటు వెనుక సూత్రం.

అమెరికా వెళ్లినప్పుడు డాక్టర్ వి మెక్‌డొనాల్డ్స్ హోటళ్లను చూసి అబ్బురపడ్డారన్న కథ ప్రపంచమంతా తిరిగింది. నిజమే, ఆయన ఆ పోలిక ఇష్టంగా తెచ్చేవారు. ఏ ఊళ్లోనైనా మామూలు కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి, ఒకే రుచిని, ఒకే ధరకు, లక్షల మందికి అందించగలిగినప్పుడు చూపును ఎందుకు అందించలేమన్నది ఆయన ప్రశ్న. అరవిందుల యోగం, అమెరికా బర్గర్ ఒకే బుర్రలో పక్కపక్కన కూర్చోవడం మనకు వింతగా ఉండొచ్చు. ఆయనకు ఉన్నట్టు కనిపించదు. 1993లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ అరవింద్ మీద కేస్ స్టడీ రాసింది. అప్పటి నుంచి మేనేజ్‌మెంట్ విద్యార్థులు బర్గర్ భాగం చదువుతూ వస్తున్నారు.

ఉచితం అన్నా రాలేదు

శిబిరాల్లో ఒక విషయం ఆయన బృందాన్ని బాగా ఇబ్బంది పెట్టింది. ఆపరేషన్ ఉచితం అని చెప్పినా చాలామంది రాలేదు. కారణాలు వెతికితే ఆపరేషన్ ఖర్చు కాకుండా మిగతావన్నీ అడ్డు అని తేలింది. మదురైకి బస్సు చార్జీ లేదు. అక్కడ తిండి ఎవరు పెడతారో తెలియదు. తోడుగా వచ్చే కొడుక్కి కూలి పోతుంది. కన్ను కోస్తే ఉన్న మసక చూపు కూడా పోతుందేమోనన్న భయం అన్నింటికంటే పెద్దది. అందుకని శిబిరం నుంచే బస్సులో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లడం, తిండి, మంచం, మందులు ఇవ్వడం, ఆపరేషన్ అయ్యాక తిరిగి ఊళ్లో దించడం మొదలుపెట్టారు. ఒకే ఊరివాళ్లు కలిసి వెళ్లి కలిసి తిరిగొస్తే భయం తగ్గింది. చూపు వచ్చిన మనిషి పక్కింటివారికి చెబితే, ఏ కరపత్రమూ చేయలేని పని జరిగింది.

రోగుల రాకపోకల మీద పరిశోధన చేసేవారు సాధారణంగా ఆస్పత్రి గేటు నుంచి లెక్క మొదలుపెడతారు. ఈయన ఊరి అరుగు నుంచి మొదలుపెట్టారు. దానివల్ల ఆస్పత్రికీ లాభం కలిగింది. ఫలానా ఆదివారం ఫలానా ఊళ్లో శిబిరం ఉంటే సోమవారం ఎంతమంది ఆపరేషన్‌కు వస్తారో దాదాపు ముందే తెలుస్తుంది. బల్లలు, నర్సులు, మందులు ఆ లెక్కన సిద్ధంగా ఉంటాయి. రద్దీ ఊహించనిదైతే గందరగోళం, ఊహించినదైతే మామూలు పని.

1980ల చివరికి మరో సమస్య ముదిరింది. డబ్బున్నవారికి శుక్లం తీసి కంటి లోపలే ప్లాస్టిక్ లెన్స్ అమర్చే పద్ధతి వచ్చింది. పేదవారికి మాత్రం శుక్లం తీసి సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చేవారు. ఆ అద్దాలు పగిలినా, పోయినా మనిషి మళ్లీ గుడ్డివాడే. క్యూ వేగంగా కదులుతోంది కానీ చివర రెండు రకాల చూపు అందుతోంది. దిగుమతి లెన్స్ ఒక్కోటి వంద డాలర్లు, ఆపైన పలికేది. పేద దేశాల్లో అందరికీ లెన్స్ అన్నది కుదరని పని అని అంతర్జాతీయ నిపుణులే అనేవారు. డాక్టర్ వి బృందం 1992లో మదురైలో ఆరోల్యాబ్ అనే కర్మాగారం పెట్టి లెన్సులు సొంతంగా తయారు చేయడం మొదలుపెట్టింది. ధర పది డాలర్ల చుట్టుపక్కలకు, తర్వాత ఇంకా కిందికి దిగింది. ఆ లెన్సులు చాలా దేశాలకు వెళ్లాయి. అరవింద్ కథలో నిర్వహణ పాఠాల కంటే ఇదే పెద్ద ఘనత అనడంలో అతిశయోక్తి లేదు.

దీనికి మూల్యం ఎవరు చెల్లించారన్నది కూడా చూడాలి. తొలి ఏళ్లలో కుటుంబంలోని డాక్టర్లు తెల్లవారకముందే మొదలుపెట్టి రాత్రి దాకా పనిచేశారు. బయట ప్రైవేటు ప్రాక్టీసులో వచ్చే డబ్బు వదులుకున్నారు. అన్నయ్య మాట కాదనలేని కుటుంబం అది. అందరి పెద్దన్నయ్యలూ అలా ఉండరు, అందరి చెల్లెళ్లూ అలా ఒప్పుకోరు. ఇక ఆ రెండు బల్లల మధ్య పరుగులు పెట్టే పని పల్లెల నుంచి వచ్చిన ఇంటర్ పాసైన అమ్మాయిలది. వారికి చదువు, ఉద్యోగం, ఊళ్లో గౌరవం దక్కాయి, అది చిన్న విషయం కాదు. కానీ సర్జన్ నిమిషం విలువ పెరిగిందంటే దాని కింద వారి నిమిషాలు ఉన్నాయి. హార్వర్డ్ పాఠం విన్నవారికి సర్జన్ ఆపరేషన్ల సంఖ్య గుర్తుండిపోయినంతగా ఈ లెక్క గుర్తుండదు.

క్యాజువాలిటీకి పనికొస్తుందా

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావాలి. శుక్లం ఒక నెల ఆగుతుంది. గుండెపోటు ఆగదు. కంటి ఆస్పత్రికి వచ్చేవారిలో చాలామందికి ఒకే జబ్బు, ఒకే ఆపరేషన్. క్యాజువాలిటీ తలుపు తోసుకుని ఒకే గంటలో పాము కాటు, రోడ్డు ప్రమాదం, పసిపిల్ల జ్వరం, పురుగు మందు తాగిన రైతు వస్తారు. ఎవరు ఎప్పుడు వస్తారో శిబిరం లెక్కలా ముందే రాదు. అందుకే రెండు బల్లల పద్ధతిని అలాగే ఎత్తుకెళ్లి ఎమర్జెన్సీలో పెడతామనేవారు అసలు విషయాన్ని అర్థం చేసుకోలేదనే చెప్పాలి. మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్‌కు మెడికల్ కౌన్సిల్ ప్రత్యేక విభాగంగా గుర్తింపు ఇచ్చిందే 2009లో. అంతకుముందు చాలాచోట్ల క్యాజువాలిటీ అంటే జూనియర్ డాక్టర్ రాత్రి డ్యూటీ.

అయినా మూడు విషయాలు దాటి వస్తాయి. మొదటిది, తలుపు దగ్గరే శిక్షణ ఉన్న నర్సు రోగిని చూసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చగా వేరు చేయడం. వచ్చిన వరుసను బట్టి కాకుండా ప్రమాదాన్ని బట్టి ముందు వెనుకలు నిర్ణయించే ఈ పనికి డాక్టర్ కోసం ఆగనక్కర్లేదు. రెండోది, రక్త పరీక్ష, ఈసీజీ, ఎక్స్‌రే లాంటివి ఒకటి అయ్యాక ఒకటి కాకుండా, వీలైనవన్నీ డాక్టర్ వచ్చేలోపే మొదలవడం. మూడోదాని మీద అందరూ తక్కువ మాట్లాడతారు. క్యాజువాలిటీ నిండిపోవడానికి కారణం చాలాసార్లు క్యాజువాలిటీలో ఉండదు. పై వార్డులో పడక ఖాళీ కాక, చేర్చుకోవాల్సిన రోగి స్ట్రెచర్ మీదే రాత్రంతా ఉండిపోతారు. బ్రిటన్‌లో నాలుగు గంటల గడువు పెట్టి చూశారు. పై వార్డు కదలకపోతే గడియారం ఏమీ చేయలేదని అక్కడా అర్థమైంది. డాక్టర్ వి తన బల్లకు ముందు ఏం జరుగుతోందన్నదే కాక తర్వాత ఏం జరుగుతోందన్నది కూడా చూశారు. కట్టు విప్పిన రోగిని ఊరికి చేర్చే బస్సు ఉదయమే సిద్ధంగా ఉంటే తప్ప ఆ రాత్రి కొత్తవారికి చోటు ఉండదని ఆయనకు తెలుసు.

కంటికీ అత్యవసర కేసులు ఉంటాయి. వరి కంకి గీసుకుని, ధాన్యపు పొట్టు పడి నల్లగుడ్డు మీద పుండు లేచిన రైతులు దక్షిణాది కంటి ఆస్పత్రులకు కొత్త కాదు. మొదటి ఒకటి రెండు రోజుల్లో సరైన మందు పడితే చాలావరకు తగ్గిపోయే గీత, వారం తర్వాత కన్ను పోగొట్టేంత పుండు అవుతుంది. డాక్టర్ వి చివరి ఏళ్లలో అరవింద్ పల్లెల్లో చిన్న విజన్ సెంటర్లు పెట్టడం మొదలుపెట్టింది. అక్కడ శిక్షణ ఉన్న అమ్మాయి కన్ను పరీక్షించి, ఇంటర్నెట్ ద్వారా ఆస్పత్రిలోని డాక్టర్‌కు చూపిస్తుంది. చిన్న గీతకు అక్కడే మందు దొరికితే ఆ మనిషి ఆస్పత్రి అత్యవసర విభాగం దాకా రానక్కర్లేదు. ఎవరూ రాని క్యూ ఏ లెక్కల్లోనూ ఎక్కదు.

మళ్లీ పుదుచ్చేరి

అరవింద్ 1985లో తేనికి, 1988లో తిరునెల్వేలికి, 1997లో కోయంబత్తూరుకు విస్తరించింది. పద్ధతి నేర్పడానికే 1992లో మదురైలో లైకో అనే సంస్థ పెట్టారు. ఇతర రాష్ట్రాల నుంచి, దేశాల నుంచి ఆస్పత్రులవారు అక్కడికి వచ్చి పాఠాలు నేర్చుకుని వెళ్తారు. పోటీ ఆస్పత్రికి రహస్యాలు చెప్పేయడం అనవచ్చు. కంటి చూపు లేనివారు ఉన్నంతకాలం తనకు పోటీ ఎవరూ లేరన్నట్టుగా ఆయన వ్యవహరించారు. తిరుపతిలోనూ ఇప్పుడు అరవింద్ ఆస్పత్రి ఉంది. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వేరే దారిలో వచ్చినా, డబ్బు ఇవ్వలేనివారికి ఉచితం అన్న మాట దగ్గర రెండూ కలుస్తాయి.

2003లో అరవింద్ పుదుచ్చేరికి వచ్చింది. వైట్ టౌన్‌కు దక్షిణంగా, కడలూరు రోడ్డులోని తవళకుప్పం దగ్గర ఆస్పత్రి కట్టారు. గురువు పేరు తీసుకుని వెళ్లిన మనిషి 27 ఏళ్ల తర్వాత ఆ పేరుతోనే గురువు ఊరికి తిరిగొచ్చారు. అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్లు దాటాయి. ఆపరేషన్లు మానేసి చాలాకాలమైంది. నడక కష్టంగా ఉండేది, వేళ్లు మరింత బిగుసుకున్నాయి. అయినా ఆస్పత్రికి వెళ్లడం మానలేదు.

2006 జులై 7న మదురైలో, 87 ఏళ్ల వయసులో డాక్టర్ వెంకటస్వామి కన్నుమూశారు. 11 పడకలతో మొదలైన సంస్థ అప్పటికి ఏటా రెండు లక్షలకు పైగా ఆపరేషన్లు చేస్తోంది. అందులో సగానికి పైగా ఉచితంగానో, నామమాత్రపు ధరకో జరిగినవే. రెండేళ్ల తర్వాత గేట్స్ ఫౌండేషన్ ప్రపంచ ఆరోగ్య అవార్డు, 2010లో హిల్టన్ మానవతా బహుమతి అరవింద్‌కు వచ్చాయి. వాటిని అందుకోవడానికి ఆయన లేరు.

తవళకుప్పం ఆస్పత్రి నుంచి శిబిరాల బస్సులు కడలూరు, విల్లుపురం జిల్లాల పల్లెలకు వెళ్తుంటాయి. తిరిగొచ్చేటప్పుడు వాటిలో ఎక్కువగా ముసలివాళ్లుంటారు, కొంగులో నాలుగు రోజుల బట్టలు కట్టుకుని. ఆపరేషన్ ఎప్పుడని వారు అడిగితే, రేపు అని సమాధానం వస్తుంది.